ఉయ్యాల చీర

గూడూరు మగ్గాల చీరలు మర్నాడు ఆదోని షాపుల్లో చూపించాలని సాయిసుధ ఒక్కతే వచ్చి లాడ్జిలో దిగింది. తెలియని ఊరు. పాలు తాగే బిడ్డను అత్త ఈశ్వరమ్మ దగ్గర వదిలి రావడం ఇదే మొదలు. దీపాలు పెట్టే వేళకే ఫోన్ చేసింది.

“పాప ఏం చేస్తాందత్తా?”

“ఉయ్యాల్లో నిద్రపోతాంది, నేనే ఊపుతాండా. గంటకు నాలుగు ఫోన్లు చేసేదానివి యాపారానికి ఎందుకు పోయినావమ్మా?”

అత్త నవ్వు వెనక ఉయ్యాల కొక్కెం కిర్రు కిర్రుమంటోంది. ఆ చప్పుడుకు సాయిసుధకూ కళ్లు బరువెక్కాయి. ఫోన్ చెవిన పెట్టుకునే చీరల మూట విప్పింది. మూటగుడ్డ అంచుకు కాటుక మరక. చూస్తే, పాపకు ఉయ్యాల కట్టే పచ్చ చీర. పొద్దున తొందరలో అందులోనే మూట కట్టుకొచ్చేసింది.

“అత్తా, పాపను ఏ చీరలో ఏసినావు?”

“ఇంకే చీర? నీ సీమంతం పచ్చ చీరే. అది లేకుంటే నీ కూతురు నిద్రపోతుందా?”

“ఒకసారి లైటేసి సూడత్తా.”

“లేస్తాది. ఉండు.”

కిర్రు కిర్రు ఆగలేదు. లాడ్జి మంచం మీద, సాయిసుధ ఒళ్లో పరిచి ఉన్న పచ్చ చీర నడుమ మెల్లగా కుంగింది. వెచ్చబడింది.

ఆమెకు పాలు చేపుకొచ్చాయి.