పక్క పేరు

అరవై వేలు వెళ్లిపోయాక గానీ ఉమాశంకర్ పేరు సరిగ్గా చదవలేదు.

హోసూరులో అతనిది హార్డ్‌వేర్ షాపు. వచ్చే వారం కొడుకు మోహిత్ నిశ్చితార్థం. వంట కాంట్రాక్టరు రక్షిత్‌కు అడ్వాన్సు పంపాలి. కౌంటరు ముందు జనం నిలబడి ఉండగానే బ్యాంకు యాప్ తెరిచి, పేరు నొక్కి, 'ఫంక్షన్‌కి' అని రాసి పంపేశాడు. రక్షిత్ కింద ఉన్న పేరు రంజిత. వేలు దాని మీద పడింది.

రెండేళ్లుగా ఆ పేరుకు అతను ఒక్క పైసా పంపలేదు. జాబితాలోంచి తీసెయ్యడం మాత్రం మరిచిపోయాడు.

నేను ఫోన్ చేసి అడగనా అన్నాడు మోహిత్. వద్దన్నాడు ఉమాశంకర్.

"అట్లాంటోళ్లతో మనకేం మాట? బ్యాంకోళ్లే అడుగుతారు."

యాప్‌లోనే ఫిర్యాదు పెట్టాడు. పొరపాటున వేరేవాళ్లకు పోయింది, వెనక్కి ఇప్పించండి అని.

మధ్యాహ్నం అన్నం దగ్గర విషయం చెప్పాడు. సాంబారు వడ్డిస్తున్న భార్య కోమల చెయ్యి ఆగిపోయింది.

"పోతే పోనీండి," అంది. "మనకేం తక్కువైంది? వదిలెయ్యండి."

"అరవై వేలు వదిలేసేదా?" అని అతను సగం అన్నంలో లేచిపోయాడు.

మూడో రోజు కృష్ణగిరి బ్రాంచి నుంచి పరిమళ అనే ఆఫీసరు ఫోన్ చేసింది. రంజిత ఖాతా ఆ బ్రాంచిలోనే ఉంది. డబ్బు అందినవాళ్లు ఒప్పుకుని సంతకం పెడితే తప్ప బ్యాంకు తనంతట తాను వెనక్కి తీసుకోలేదట. రంజితేమో ఒప్పుకోవడం లేదు. పొరపాటు కాదు, తెలిసే పంపినారు అంటోంది. ఫంక్షన్‌కి అని రాసి మరీ పంపినారు, మా ఇంట్లోనూ ఫంక్షన్ ఉంది అంటోంది.

"ఇట్లాంటివాళ్లను రోజూ చూస్తాం సార్," అంది పరిమళ. "ఉత్తపుణ్యానికి వచ్చిన డబ్బు వదలబుద్ధి కాదు. మీరు ఎదురుగా వచ్చి మీ నోటితో పొరపాటని చెప్తే ఇచ్చేస్తుందంట."

పోలీసు కేసు పెడతానన్నాడు ఉమాశంకర్. దానికి నెలలు పడుతుంది, ఒక్కసారి వచ్చి పోతే పనైపోతుంది అంది ఆమె.

సోమవారం కారు తీశాడు. కోమల చీర మార్చుకుని వచ్చి తానూ వస్తానంది. నువ్వెందుకని వదిలేసి వెళ్లాడు.

రంజిత మత్తూరు నుంచి బస్సులో వచ్చి ముందే కూర్చుని ఉంది. పాతికేళ్లుంటాయి. ఒళ్లో రెండు నెలల బిడ్డ. అతన్ని చూడగానే లేచి నిలబడింది. పరిమళ బల్ల ముందు రెండు కుర్చీలున్నాయి. ఉమాశంకర్ అవతలి దాంట్లో కూర్చుని ఫోన్ చూసుకోసాగాడు.

"ఈమె పేరు మీ లిస్టులోనే ఉంది కదా సార్. తెలిసినామేనా?" అని అడిగింది పరిమళ.

"ముందు తెలుసు. ఇప్పుడు తెలీదు."

పరిమళ రంజిత ఖాతా తెరిచి చూసి ఆశ్చర్యపోయింది. అరవై వేల నాలుగు వందల పన్నెండు. ఆ నాలుగు వందల పన్నెండే రంజిత సొంతం. ఇట్లాంటి కేసుల్లో డబ్బు మామూలుగా సాయంత్రానికే ఖాళీ అయిపోతుంది.

"ఒక్క రూపాయి కూడా తీయలేదే?"

"ఫోన్ చేస్తారని చూస్తా ఉండినాను మేడమ్. మాట్లాడినాక తీద్దామని."

బిడ్డ ఏడుపు అందుకుంది. పరిమళ చేతులు చాపి తీసుకుంది. పేరేంటని అడిగితే, ఇంకా పెట్టలేదంది రంజిత. కొత్త చేతుల్లో బిడ్డ ఊరుకుని, ఉమాశంకర్ చొక్కా గుండీ వైపు వేళ్లు చాపింది. అతను కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

రంజిత అతని ముందుకొచ్చి నిలబడింది.

"మీ నోటితో చెప్పండి. నాకని పంపలేదా?"

అతను మొదటిసారి తలెత్తాడు.

"నీకెందుకు పంపుతాను? వంటాయనకు పంపినాను. వేలు జారి నీ పేరు మింద పడింది. అసలు నీ పేరు ఆడ ఉండేదే తప్పు. ఈ పొద్దు తీసేస్తాను."

రంజిత వాదించలేదు. తల ఊపి, ఫారం ఇమ్మని అడిగింది. బల్ల చివర నిలబడే గడులన్నీ నింపింది. ఎక్కడా ఆగలేదు. సంతకం పెట్టి, బిడ్డను భుజాన వేసుకుని, ఎండలో బస్టాండు వైపు వెళ్లిపోయింది.

పరిమళ కంప్యూటర్లో పని ముగించిన పది నిమిషాలకు ఉమాశంకర్ ఫోన్ మోగింది. అరవై వేలూ వచ్చేశాయి. అక్కడే కూర్చుని, ఈసారి పేరు రెండుసార్లు చదివి, రక్షిత్‌కు పంపాడు. తర్వాత రంజిత పేరు మీద వేలు నొక్కి పట్టి, తీసేశాడు.

"గొడవ లేకుండా ఇచ్చేసింది. మీ అదృష్టం సార్," అంది పరిమళ.

ఉమాశంకర్ నవ్వి, ఆమెకు నిశ్చితార్థం పత్రిక ఒకటి ఇచ్చి, కుటుంబంతో రమ్మని చెప్పి వెళ్లాడు.

అతని కారు కదిలాక పరిమళ ఫారాన్ని ఫైల్లో పెట్టబోతూ ఒకసారి చూసుకుంది: 'తండ్రి / భర్త పేరు' అని అచ్చువేసిన చోట రంజిత 'భర్త' అన్న మాటను కొట్టేసి, ఎదురుగా 'ఉమాశంకర్, హార్డ్‌వేర్ షాపు, హోసూరు' అని రాసింది.