క్లచ్ లేని కారు

"ఆ తెల్ల కారు వద్దు బాబూ. పక్కన ఎర్రది ఉంది చూడు, గేర్లది. అది తీసుకో."

బెంచీ మీద కూర్చున్న ముసలాయన అడక్కుండానే సలహా ఇచ్చాడు.

యల్లమందకు ఒళ్లు మండింది. అసలే గురజాల నుంచి బస్సులో నిలబడి వచ్చాడు. నరసరావుపేటలోని ఈ పాత కార్ల షెడ్డులో అడుగుపెట్టి ఐదు నిమిషాలు కూడా కాలేదు.

"నీకెందుకు పెద్దాయనా? గేర్లదైతే క్లచ్ నువ్వొచ్చి తొక్కుతావా?" అంటూ పంచె పైకెత్తి ఎడమ మోకాలు చూపించాడు.

ట్రాక్టర్ మీంచి పడ్డప్పుడు వేసిన రాడ్డు ఇంకా ఆ కాల్లోనే ఉంది. మోకాలు సగమే వంగుతుంది.

పక్కనే భార్య సుశీల కుర్చీలో కూలబడింది. ఆమెకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఈ ఊళ్లోనే డయాలసిస్. తిరుగు బస్సులో ఒకటే వాంతులు. మొన్న మంగళవారం మంచం దిగనంది.

"ఇంక నేను రానయ్యా. చస్తే ఇంట్లోనే చస్తా" అంది.

ఆ మాట విన్నప్పటి నుంచి యల్లమందకు కంటి మీద కునుకు లేదు. కారు లేకపోతే సుశీల దక్కదు. ఎడమ కాలితో పనిలేని కారైతేనే తను తోలగలడు. ఆ తెల్ల కారు పదకొండేళ్ల పాతదైతేనేం!

"ఆయన్ని పట్టించుకోమాక అన్నా" అన్నాడు షెడ్డు యజమాని ఖలందర్. "పది రోజుల నుంచి వస్తన్నాడు. ఆ ఆటోమేటిక్ కారు ఎవరు చూసినా ఇదే పాట. పక్క షెడ్డోళ్లు పంపారేమో!"

ముసలాయన ఈ మాటలేవీ విన్నట్టు లేదు. కన్నార్పకుండా సుశీలనే చూస్తున్నాడు.

సుశీల కొంగు భుజాల చుట్టూ లాక్కుంది.

"ఏందయ్యా, చచ్చినోళ్లు లేచొచ్చినట్టు నన్నట్టా చూస్తన్నాడు?" అని మొగుడి చెవిలో గొణిగింది. ఆమెకు నిజంగానే భయం వేసింది.

"పోనీ డ్రైవర్ని పెట్టుకో బాబూ" అన్నాడు ముసలాయన. "బ్రేకు మీంచి కాలు తీస్తే చాలు, ఆ బండి దానంతటదే కదులుద్ది."

"ఆ ముక్క ఖలందర్ చెప్పాడ్లే. ముప్పై ఏళ్లు ట్రాక్టర్ తోలినోణ్ణి. నాకు నేర్పొచ్చావా?"

ముసలాయన లేచి ఏదో చెప్పబోయాడు. మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు.

ట్రయల్‌కి కోటప్పకొండ రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు పోయి వచ్చారు. సుశీలకు ఒక్కసారి కూడా కడుపులో తిప్పలేదు. యల్లమంద ఇక ఎర్ర కారు వైపు తిరిగి చూడలేదు.

కాగితాల మీద సంతకాలయ్యేసరికి రాహుకాలం పది నిమిషాల్లోకి వచ్చింది. ఖలందర్ షెడ్డులో నిమ్మకాయలూ కొబ్బరికాయా కర్పూరమూ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. గబగబా నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించాడు. యల్లమంద ఇంజన్ ఆన్ చేసి, బ్రేకు తొక్కిపట్టి, గేరు ముందుకు నడిపే ‘డి’లోకి లాగాడు.

"ఆగయ్యో! హారతియ్యకుండానే బయల్దేరతావా?"

సుశీల పళ్లెం పట్టుకొచ్చి కారుకు ఎదురుగా నిలబడింది.

ముసలాయన లేచాడు.

"ఎదురు నిలబడొద్దమ్మా! పక్కకి రా తల్లీ. పక్క నుంచి ఇయ్యి!"

"నోర్ముయ్! శుభమా అని బండి తీస్తంటే అపశకునం మాటలేంది? భాయ్, ముందీయన్ని బయటికి పంపు!" అని యల్లమంద అరిచాడు.

ఖలందర్ ముసలాయన రెక్క పట్టుకుని గేటు వైపు నడిపించాడు.

కర్పూరం వెలిగింది. చెప్పులతో హారతి తీసుకోవడం తప్పని, యల్లమంద కాళ్లు వెనక్కి లాక్కుని రెండు చెప్పులూ విడిచాడు. చేతులు జోడించి కళ్లు మూసుకున్నాడు. ట్రాక్టర్ పూజలో ఏటా చేసేదే. గేరులో ఉన్న సంగతి ఆ భక్తిలో గుర్తే లేదు.

కారు మెల్లగా నిమ్మకాయల మీదికెక్కింది.

ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. రాడ్డున్న ఎడమ కాలు లేని క్లచ్ కోసం తడుముకుంది. కంగారులో కుడికాలు బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కేసింది.

అంతలోనే ఖలందర్ చెయ్యి విదిలించుకుని ముసలాయన పరిగెత్తుకొచ్చాడు. రెండు చేతులా సుశీలను పక్కకు తోసేశాడు. ఆమె దుమ్ములో పడింది.

కారు ప్రహరీగోడకు కొట్టుకుని ఆగింది. గోడకూ కారుకూ మధ్య ముసలాయన ఉన్నాడు.

అంబులెన్సులో ఆయన అడిగింది ఒక్కటే.

"అమ్మాయికి... దెబ్బ తగిలిందా?"

"లేదు బాబాయ్! మీ చలవ వల్ల బాగుంది!" యల్లమంద ఆయన చేతులు పట్టుకుని భోరుమన్నాడు.

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆస్పత్రి గేటు దగ్గరే ప్రాణం పోయింది.

ముసలాయన చొక్కా జేబులో ఫోన్ మోగింది. తెర మీద ‘అమ్మాయి జ్యోతిర్మయి’ అని పేరు పడింది. యల్లమందే ఎత్తాడు. ఏడుస్తూనే జరిగిందంతా చెప్పాడు.

"తెల్ల కారేనాండీ? ఆటోమేటిక్‌ది?" అంది జ్యోతిర్మయి.

"అవునమ్మా. నీకెట్టా తెలుసు?"

"అది ఎక్కడ అమ్మకానికి పెట్టినా నాన్న వెతుక్కుంటూ పోతాడండీ. ఎంత చెప్పినా వినడు. మీ ఆవిడ... బాగున్నారా?"

"బాగుంది తల్లీ. మీ నాయనే కాపాడాడు."

ఆమె అప్పుడు ఏడ్చింది.

"మూడేళ్ల కిందట ఆ కారు కొన్న రోజు మా అమ్మా అట్టాగే ఎదురుగా నిలబడి హారతిచ్చిందండీ. స్టీరింగ్ ముందు కూర్చుంది మా నాన్నే."