బియ్యప్పిండి లేని బజ్జీలు

మూడో వాయి కూడా మెత్తగానే వచ్చింది. అంజన్ ఒక ఆలుగడ్డ బజ్జీ విరిచి చూసి తల పట్టుకున్నాడు.

"నీకు దండం పెడ్త బిడ్డా, ఒక్కటి తిను. నిన్న పొద్దుగాలసంది ఏం తినలే నువ్వు."

"అమ్మ చేసినట్టు కరకరలాడుతలేవు," అంటూ ఎనిమిదేళ్ల మాన్య పళ్లెం నెట్టేసింది.

వాళ్లమ్మ లావణ్య అంజన్‌తో గొడవపడి, అలిగి కార్వాన్‌లోని పుట్టింటికి వెళ్లి మూడు రోజులైంది.

పక్కింటి సత్తెమ్మ లోపలికొచ్చి పిండి గిన్నెలోకి చూసింది. "బియ్యప్పిండి ఏది అంజన్? వట్టి శెనగపిండితోని చేస్తే గిట్లనే తడిసిన అట్టముక్కల లెక్క ఉంటయ్."

"లావణ్య అది వెయ్యదంట అత్తా. మాన్యనే చెప్పింది."

"ఎందుకెయ్యదు? బజ్జీలు చేసినప్పుడల్లా ఈ పోరినే పంపి మా ఇంట్లకెల్లి తెప్పిస్తది."

అంజన్ కూతురి వైపు తిరిగాడు. మాన్య తల దించుకుంది.

"అబద్ధమెందుకు చెప్పినవ్ బిడ్డా?"

"లొల్లి అయిననాడు నువ్వే అన్నవ్ గదా, అమ్మ లేకున్నా ఇల్లు నడుస్తదని. నీకు బజ్జీలు గూడ మంచిగొస్తే ఇగ అమ్మను తోల్కరావు."

అంజన్ పొయ్యి ఆపేశాడు. చేతులకంటిన పిండి లుంగీకి తుడుచుకుని బండి తాళంచెవి తీసుకున్నాడు.

"చెప్పులేస్కో. కార్వాన్ పోదాం."

"అమ్మ రానంటే?"

"వచ్చేదాంక ఆ గడపల్నే కూసుంట. తను లేకుంటే ఇల్లు నడుస్తలేదని చెప్త."

మాన్య అతని ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత పళ్లెం దగ్గరికి లాక్కుని, చల్లారిన మెత్తటి బజ్జీ ఒకటి కొరికింది.