మణికట్టు

"ఆ చెయ్యి ఆ రోజు నన్ను పట్టుకోకపోయి ఉంటే, ఇవాళ నేను మీ ముందు నిలబడేదాన్ని కాదు."

భార్య ఆ మాట అనగానే హాల్లో తలలన్నీ బేకరీ ఆయన వైపు తిరిగాయి. మూడో వరసలో కూర్చున్న భర్తకి ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

సముద్రంలో ఆపదలో పడ్డవాళ్ళని కాపాడే స్వచ్ఛంద దళం పెట్టిన చందాల సభ అది. దళంలో జీతం తీసుకునేవాడు ఒక్కడూ లేడు. బేకరీ ఆయనా అంతే. ఫోను మోగితే చాలు, పొయ్యిలో రొట్టెల్ని దేవుడికి వదిలేసి పడవ దగ్గరికి పరిగెడతాడు. ఆ పడవ ముసలిదైపోయింది. కొత్తది కొనకపోతే దళం మూతపడుతుంది. అందుకే, కిందటేడు షికారు పడవ తిరగబడ్డప్పుడు బతికి బయటపడ్డ ఈ టీచరమ్మని ప్రతి సభకీ పిలుస్తున్నారు. ఆమె మాట్లాడితే ఎంగిలిచేత్తో కాకిని తోలనివాడు కూడా జేబులు తడుముకుంటాడు.

భర్తది తాళాల షాపు. ఎంత మొండి తాళమైనా అతని వేళ్ళకి లొంగాల్సిందే. అలాంటిది, కట్టుకున్న పెళ్ళాం ఊరంతా తిరుగుతూ ఇంకొకడి చేతిని పొగుడుతుంటే ఎవడికి మాత్రం మండదు? ఏడుపంటే ఏడుపే, దాచుకోవడం దేనికి.

బేకరీ ఆయన ఆమెని "చెల్లెమ్మా" అంటాడు, అతన్ని "బావగారూ" అంటాడు. వరస కలిపేస్తే సరిపోతుందా? ఆ బేకరీ రొట్టెని భర్త ఇంట్లోకి రానివ్వడం మానేశాడు. పక్కవీధిలో అట్టముక్కల్లాంటి బిస్కెట్లు కొనుక్కొచ్చి, ఇవే బాగున్నాయని దబాయిస్తున్నాడు కూడా.

ఆమె చెప్పే కథ అతనికి కంఠతా వచ్చు. పడవ తిరగబడింది. పెద్ద అల వచ్చి ఇద్దర్నీ విడదీసింది. "దేవుడి దయవల్ల మావారు రక్షణ పడవ అందుకున్నారు." అక్కడితో అతని పాత్ర సరి. ఇక అంతా బేకరీ ఆయనే. ఆయన దూకడం, ఈదడం, పట్టుకోవడం. అది చెప్పేటప్పుడు ఆమె తన కుడి మణికట్టుని ఎడం చేత్తో నిమురుకుంటుంది. అది చూసిన రోజు అతనికి అన్నం సహించదు.

ఆమె మాట్లాడి కూర్చున్నాక బేకరీ ఆయన లేచి, మునిగిపోయే మనిషిని ఎలా పట్టుకోవాలో చూపిస్తానన్నాడు. "బావగారూ, మీరే రండి."

తప్పక వెళ్ళాడు. వేళ్ళు పట్టుకుంటే తడికి జారిపోతాయని, ఒకరి మణికట్టు ఒకరు పట్టుకోవాలని బేకరీ ఆయన వివరించాడు. దొరికిందే సందని అతను ఆ మణికట్టుని పట్టుకారులా నొక్కాడు. బేకరీ ఆయన మొహం కందిపోయింది. అయినా నవ్వుతూనే, "చూశారా, ఇలా పట్టుకుంటే సముద్రం కూడా విడదీయలేదు" అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం తల దించుకుని కూర్చుంది. వాడి చెయ్యి నొప్పెట్టినందుకు కాబోలు ఈవిడకి దిగులు, అనుకున్నాడు భర్త.

చందాలు వెయ్యమని దళంవాళ్ళు అందించిన నారింజరంగు హెల్మెట్ చేతులు మారుతూ హాలంతా తిరిగి, నిండుగా వెనక్కొచ్చింది. ఇలాంటి సభలు ఇంకో రెండు జరిగితే కొత్త పడవ వచ్చినట్టేనట.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే అతను ఆమె మీద విరుచుకుపడ్డాడు. ఇక ఏ సభకీ వెళ్ళడానికి వీల్లేదన్నాడు. పడవ కావాలంటే వాళ్ళే అడుక్కుంటారన్నాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నలుగురిలో తన గురించి ఒక్క మంచి మాటయినా చెప్పిందా అని నిలదీశాడు.

ఆమె టీ పెట్టింది. అట్టముక్క బిస్కెట్లు ప్లేటులో సర్దింది. దాంతో అతనికి ఉక్రోషం ఇంకా పెరిగింది.

"నేనూ ఆ నీళ్ళలోనే ఉన్నాను కదా. వాడి గురించి గంటసేపు చెబుతావు. నా ఊసే ఎత్తవేం?"

ఆమె కప్పు అతని ముందు పెట్టింది. గొంతు పెంచలేదు.

"ఆ రోజు మీరు నా చెయ్యి విదిలించుకున్న సంగతి ఎవరూ అడగకూడదనే కదండీ, ఆయన పట్టుకున్న సంగతి అంతసేపు చెబుతున్నాను."