పెద్దాయన సంగతి

పశువుల డాక్టరు గది ముందు నాన్న కుదురుగా కూర్చోలేకపోతున్నారు. లేస్తారు, నా ఒళ్లోని బుట్టలోకి తొంగిచూస్తారు, "చేతులు కడుక్కొస్తా" అని వెళ్తారు. ఇది మూడోసారి.

బుట్టలో మా పద్నాలుగేళ్ల పిల్లి మూలుగుతోంది. వయసుకి మర్యాదిచ్చి దాన్ని ఇంట్లో అందరం పెద్దాయన అంటాం. నిన్నటి నుంచి దానికి ఒంటేలు చుక్క రాలేదు.

లోపలికి పిలిచాక డాక్టరమ్మ దాని పొట్ట నొక్కి చూసింది. "మగపిల్లికి ఇలా బిగిస్తే ప్రాణం మీదికొస్తుంది. ఇప్పుడే గొట్టం వేసేస్తాను." చీటీ మీద పేరు చదివి నవ్వింది. "పెద్దాయనకి ముందు నుంచీ ఇబ్బందుందా? ముక్కడం, చుక్కలు చుక్కలుగా రావడం?"

"అబ్బే, నిన్నటి నుంచే," అన్నాను.

"ఆర్నెల్లయిందమ్మా," అన్నారు నాన్న, పిల్లి తల నిమురుతూ. "లోపల ఒకటే మంట. మొన్న ఎర్రగా కూడా వచ్చింది."

డాక్టరమ్మ రాయడం ఆపి నా వైపు చూసింది.

"నాన్నా, ఆవిడ అడిగింది పిల్లి గురించి."

నాన్న చెయ్యి పిల్లి తల మీదే ఆగిపోయింది.

"అవునవును," అన్నారు గుమ్మం వైపు తిరుగుతూ. "ముందు వాడి సంగతి చూడండి. నేను చేతులు కడుక్కొస్తా."