అప్పు దేనికి?

పెద్దాయన కారు బానెట్ తెరవలేదు. ఇంజన్ స్టార్ట్ చేయమని కూడా అనలేదు.

డ్రైవర్ సీటు ముందుకు తోసి, కింద పరిచిన తివాచీ ఎత్తి, అరచేత్తో ఒక్కసారి తడిమాడు. అంతే.

“ఈ బండి కొనకండి మాస్టారూ” అన్నాడు.

లెక్కల మాస్టారికి నీరసం ముంచుకొచ్చింది.

ఆరు వారాలుగా ఇదే తిరుగుడు. బడి గంట కొట్టగానే, చేతికంటిన సుద్దపొడి కూడా దులుపుకోకుండా బ్యాంకుకు పరుగు. ఈ కాగితం తెమ్మంటే తెచ్చారు. దాని మీద ఇంకో సంతకం కావాలంటే అదీ తెచ్చారు. చివరికి మిగిలింది ఈ పెద్దాయన ఒక్కడే. పాత బండికి అప్పివ్వాలంటే బ్యాంకు తరఫున ఆయన చూసి సరే అనాలి.

అది ముప్పై ఏళ్ళ నాటి స్పోర్ట్స్ కారు. ఎర్ర రంగు, రెండే తలుపులు, రెండే సీట్లు. పదో తరగతిలో మాస్టారు తన లెక్కల పుస్తకం అట్ట మీద అంటించుకున్న బొమ్మ అదే. చెల్లెలి పెళ్ళి, తండ్రి ఆపరేషన్, పిల్లల చదువులు అన్నీ గట్టెక్కేసరికి నలభై ఐదేళ్ళొచ్చాయి.

“ఇన్నేళ్ళూ మా కోసం గొడ్డు చాకిరీ చేశారు. ఈ ఒక్కటీ మీ కోసం కొనుక్కోండి” అంది భార్య.

దరఖాస్తులో ‘అప్పు దేనికి?’ అని ఒక గడి ఉంది.

“ఇందులో ఏం రాయమంటారు?” అని మేనేజర్ని అడిగారు మాస్టారు.

“మీ ఇష్టం. నా సర్వీసులో ఆ గడి ఎవరూ చదవలేదు.”

మాస్టారు సిగ్గుపడుతూ ‘చిన్నప్పటి కోరిక’ అని రాశారు.

ఇప్పుడీయనేమో కొనొద్దంటున్నాడు.

“ఎందుకని?”

“దీనికి నడుం లేదు.”

“నాకూ లేదండీ. అయినా రోజూ బడికి పోతున్నాను.”

పెద్దాయన నవ్వలేదు.

“ఎక్కడా చిన్న గీత కూడా లేదు కదా! మీకెలా తెలిసింది?”

పెద్దాయన తివాచీ జాగ్రత్తగా పరిచాడు. “తెలుసు” అన్నాడు. కాగితం మీద ‘అప్పు ఇవ్వకూడదు’ అని రాసి సంతకం పెట్టాడు.

మర్నాడే మాస్టారు ఫిర్యాదు ఇచ్చారు. రెండు పేజీలు, అంకెలు వేసి మరీ రాశారు. మేనేజరు ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు.

“బానెట్ తెరిచారా?”

“లేదు సార్.”

“నడిపి చూశారా?”

“లేదు.”

“మరి బండి బాగాలేదని ఎలా రాశారు?”

పెద్దాయన మాస్టారి వంక చూశాడు. “తెలుసు సార్” అని మాత్రం అన్నాడు.

ఆ సాయంత్రమే ఆయన్ని పనిలోంచి తీసేశారు. మాస్టారికి కాస్త జాలేసింది. వేరే మనిషి వచ్చి చూస్తాడని మేనేజరు చెప్పగానే ఆ జాలి పోయింది.

వారం తిరక్కుండా మేనేజరు ఫోన్ చేశాడు.

“మాస్టారూ, ఈ విడ్డూరం విన్నారా? ఆ ముసలాయన మన దగ్గరే అప్పుకు దరఖాస్తు పెట్టాడు. ఏ బండికో తెలుసా? మీ ఎర్రకారుకే!”

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. “అదా సంగతి! నాకు అడ్డుపుల్ల వేసి తను కొట్టేద్దామనుకున్నాడన్నమాట. ఇచ్చారా?”

“పని లేనివాడికి ఎవరిస్తారండీ? పక్కన పడేశాం.”

తగిన శాస్తి జరిగిందనుకున్నారు మాస్టారు.

అయితే కారు ఆయనకూ దక్కలేదు. కొత్త మనిషి వచ్చి చూసేలోగా, కొత్తగా పెళ్ళయిన ఒకతను రొక్కం చెల్లించి తోలుకుపోయాడు. మాస్టారు ఉసూరుమంటూ పాత స్కూటరు మీదే బడికి వెళ్ళొస్తున్నారు.

మూడు నెలలకు ఆ స్కూటరు బ్రేకులు పోయాయి. మెకానిక్ షెడ్డుకు తోసుకెళ్ళారు. అక్కడ ఎర్రకారు కనిపించింది.

ముందు సగం గోడ పక్కన ఉంది. వెనక సగం రేకు కింద ఉంది.

“మలుపులో గోతిలో పడి మధ్యకి విరిగిందండీ” అన్నాడు మెకానిక్. “నడిపినతనికి రెండు కాళ్ళూ పోయాయి. పక్కన కూర్చున్న భార్య ఇంకా ఆస్పత్రిలోనే ఉంది.”

“కారు మధ్యకి విరగడమేంటయ్యా?”

“ఇది ఒక కారు కాదండీ, రెండు. ముందు భాగం నుజ్జయిందొకటి, వెనక భాగం నుజ్జయిందొకటి. మంచి సగాలు రెండూ కలిపి ఎప్పుడో అతికించారు. అతుకు సీటు కింద ఉంది. ఎంత నున్నగా చేశాడో చూడండి, నేనైనా పట్టుకోలేకపోయేవాణ్ణి.”

మాస్టారు అక్కడున్న టైర్ల మీద కూలబడ్డారు. ఆ రెండు సీట్లలో తనూ, తన భార్యా ఉండాల్సింది.

షెడ్డు నుంచి తిన్నగా బ్యాంకుకు నడిచారు.

“ఆ పెద్దాయన అడ్రసు కావాలి. ఆయన కాళ్ళు పట్టుకోవాలి” అన్నారు.

మేనేజరు దుమ్ము పట్టిన కట్టలోంచి ఆయన దరఖాస్తు లాగాడు. “అడ్రసు ఇందులో ఉందిగానీ, లాభం లేదండీ. అప్పు ఇవ్వలేమని మేం రాసిన ఉత్తరం తిరిగొచ్చింది. ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయాడట.”

మాస్టారు కాగితం అందుకున్నారు. అడ్రసు వెతుకుతున్న ఆయన కళ్ళు మధ్యలో ఒక గడి దగ్గర ఆగిపోయాయి.

‘అప్పు దేనికి?’ అన్నచోట వంకర అక్షరాలతో ఇలా ఉంది: ‘ఈ బండిని అతికించింది నేనే. దీన్ని కొని, ఎవరూ ఎక్కకుండా నా చేత్తోనే విడగొట్టడానికి.’