మూలకొట్టు ఖాళీ

మళ్లీ వాయిదా పడిందని లాయరు కోర్టు మెట్లు దిగుతూ చెప్పేసరికి ఇనుప సామాన్ల షావుకారు చేతిలో ఉన్నది ఖాళీ నీళ్ల సీసా. కేసు వేసిన నాడు ఇలా లేడు. నాలుగు రోడ్ల కూడలిలో తండ్రి ఇచ్చిన మూలకొట్టు, దాన్ని తాకట్టు పెట్టి బ్యాంకులో తెచ్చిన అప్పు, బోలెడంత రోషం ఉండేవి. తొమ్మిదేళ్లలో అప్పు తెచ్చిన డబ్బు సరుకులో కరిగిపోయింది. రోషం మాత్రం వడ్డీతో సహా పెరిగింది.

మూలకొట్టులో గడియారాల మెకానిక్ ఉన్నాడు. షావుకారు తండ్రి బతికుండగానే ముప్పై ఏళ్లకు లీజు రాయించుకుని రిజిస్టరు చేయించాడు. ఖాళీ చేయించమని కేసు వేస్తే అతను కదలడు, కోర్టూ కదలదు. సొంత కొట్టు కూడలిలో ఉండగా షావుకారు సందు చివర అద్దె గదిలో మేకులు తూచుకుంటున్నాడు. ఆ సందులోకి మనుషులే రారు, ఇక బేరాలెక్కడివి?

కిస్తీలు కట్టడం మానేసి నాలుగేళ్లయింది. బ్యాంకు నోటీసులు పంపేది, ఊరుకునేది. బ్యాంకు వాళ్లకు మర్యాద తెలుసని, తెలియనిది ఈ గడియారాలవాడికేనని షావుకారు ఇంట్లో అంటుండేవాడు.

"ఆ మర్యాదస్తుల బాకీ సంగతి ముందు చూడరాదూ?" అంది భార్య.

"మూలకొట్టు చేతికి రానీవే, ఏడాదిలో తీర్చేస్తాను. నా నెత్తిన శనల్లా వాడే."

చివరికి లాయరే రాజీ మాట ఎత్తాడు. మెకానిక్‌కు చూపు మందగించిందట, ఏదో కొంత ముట్టజెబితే వెళ్లిపోతాడట. షావుకారు సరుకు బండి అమ్మకానికి పెట్టాడు.

"బండి అమ్మి కొట్టు కొంటున్నారా, మన కొట్టునే?" అని భార్య అడిగితే వినబడనట్టు బయటికి నడిచాడు.

లీజు రద్దు కాగితం మీద సంతకాలయ్యాయి. తాళాలు చేతిలో పెడుతూ మెకానిక్ అన్నాడు, "ఇన్నాళ్లూ కాపలా ఉన్నాను షావుకారు గారూ. ఇక మీరే చూసుకోవాలి."

"పోతూ పోతూ ఎగతాళొకటా? నడవవయ్యా."

ఆ సాయంత్రమే సున్నం వేయడానికి మనిషిని మాట్లాడుకున్నాడు. మర్నాడు పొద్దున వెళ్లేసరికి షట్టరుకు కొత్త తాళం, దాని మీద లక్క సీలు. బ్యాంకు ఆఫీసరు వేలం నోటీసు అంటిస్తున్నాడు.

నాలుగేళ్లు ఊరుకుని, తన కొట్టు తన చేతికొచ్చిన మర్నాడే రావడమేమిటని షావుకారు అతన్ని నిలదీశాడు.

"ఊరుకోలేదండీ. స్వాధీనం ఆర్డరు తీసుకుని మూడుసార్లు వచ్చి వెళ్లాం."

"మరి అప్పుడే వేయలేకపోయారా తాళం?"

ఆఫీసరు నోటీసు మూలను అరచేత్తో అదిమాడు.

"మా అప్పుకంటే పాత లీజున్న మనిషి లోపలుంటే వేయలేమండీ."